దుబాసీ రాసుకున్న పుదుచ్చేరి

పుదుచ్చేరి పాత పట్టణాన్ని చుట్టిన బులివార్డు వీధులు దాటి వాయవ్య దిశగా వెళితే వచ్చే తట్టాంచావడి ఈనాడు పారిశ్రామిక వాడకూ, ప్రభుత్వ కార్యాలయాలకూ, ఎడతెగని రాకపోకలుండే వళుదావూరు రోడ్డుకూ నెలవైన ప్రాంతం. పద్దెనిమిదో శతాబ్దంలో ఇది కోటగోడలకు వెలుపలి నేల. పొలాలూ, చెరువులూ, బాటసారులు ఆగి సేదదీరే సత్రాలనూ ఊరి పెద్దలు కూడే కొట్టాలనూ కలిపి చావడులని పిలిచే కట్టడాలూ ఉన్న గ్రామసీమ. ఇప్పటి రోడ్డుకు పేరిచ్చిన వళుదావూరు అప్పట్లో ఒక కోట ఉన్న ఊరు కాగా, 1750లో నిజాం నాసిర్ జంగ్ తన దండును విడియించింది ఆ పరిసరాల్లోనే. బులివార్డులు వేసింది ఒకప్పటి కోటగోడల జాడల మీద కాబట్టి, ఊరికి లోపల ఎవరు, వెలుపల ఎవరు అన్న పాత విభజన నేటి పటంలో కూడా కనిపిస్తుంది. పుదుచ్చేరి చరిత్రను చాలాకాలం గోడల లోపలినుంచే, అందులోనూ గవర్నరు భవనంలోనుంచే చెబుతూ వచ్చారు. ఆ కాలాన్ని బతుకుతూనే దాన్ని రాసిపెట్టిన ఒక భారతీయుడి దినచర్య దొరకడం వల్ల ఈ కథనం మారింది. అయితే ఆ దినచర్య కూడా గోడల లోపలిదే అన్న సంగతి మరువకుండా చదివినప్పుడే దాని విలువ పూర్తిగా తెలుస్తుంది.

ఆ దినచర్యను రాసిన ఆనంద రంగ పిళ్ళై 1709లో మద్రాసు దగ్గరి పెరంబూరులో ఒక యాదవ కుటుంబంలో పుట్టి, తండ్రి తిరువేంగడం పిళ్ళై వెంట చిన్ననాడే పుదుచ్చేరి చేరాడు. ఆ కుటుంబాన్ని అక్కడికి రప్పించింది మేనమామ వరసైన నైనియప్ప పిళ్ళై. ఆయన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి ప్రధాన దళారీ, అంటే కంపెనీకీ స్థానిక వర్తకులకూ నడుమ బేరాలు కుదిర్చి, మాటను ఒక భాషనుంచి మరో భాషకు చేరవేసి, రెండు పక్షాలకూ పూచీపడే దుబాసీ. గవర్నరు ఎబేర్ కాలంలో, 1716లో, నైనియప్పను ఖైదుచేసి, విచారించి, కొరడా దెబ్బలూ కారాగారమూ శిక్షగా వేయగా ఆయన మరుసటి ఏడు చెరలోనే చనిపోయాడు. ఆయన కొడుకు గురువప్ప ఫ్రాన్సుదాకా వెళ్లి, క్రైస్తవం పుచ్చుకుని, రాజబిరుదుతో తిరిగివచ్చి తండ్రి పదవినే చేపట్టాడు. దుబాసీ పదవి ఎంత ఎత్తో, అక్కడినుంచి పడితే ఎంత లోతో ఆ ఇంటివారందరికీ అనుభవంలో ఉన్న విషయం. రంగ పిళ్ళై రాతలో అడుగడుగునా కనిపించే జాగ్రత్తకూ, ఎవరు ఎవరితో ఏమన్నారో మాట పొల్లుపోకుండా నమోదు చేసుకునే పట్టుదలకూ మూలం ఈ కుటుంబ జ్ఞాపకంలోనే ఉందని అనుకోవడం సమంజసం.

దినచర్య 1736 సెప్టెంబరు 6న, తెలుగువారికీ తెలిసిన అరవై సంవత్సరాల చక్రంలోని నల నామ సంవత్సరం, తమిళుల ఆవణి మాసంలో మొదలై, కొన్ని ఖాళీలతో 1761 జనవరి దాకా సాగుతుంది. పాతికేళ్ల ఈ రాత వర్తకుడి చిట్టాపుస్తకం పద్ధతిలో ఉంటుంది: సంవత్సరం పేరు, మాసం, తేదీ, వారం, ఎన్ని గడియలకు ఏమి జరిగిందన్న లెక్క, ఆ తరువాత విషయం. గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు కాబట్టి, గవర్నరు ఎప్పుడు నిద్రలేచాడో, ఏ ఓడకు ఎన్ని ఫిరంగులు పేల్చి స్వాగతం పలికారో, ఏ ఉత్తరం ఎప్పుడు చేరిందో నేటి చదువరి కూడా గడియారం పెట్టుకుని లెక్కకట్టవచ్చు. భాష కావ్యభాష కాదు, నాటి పట్టణంలో నోట మెదిలే తమిళం. అందులో తెలుగు, పారశీకం, పోర్చుగీసు, ఫ్రెంచి మాటలు రేవులో సరుకుల్లాగా కలిసిపోయి ఉంటాయి. పోర్చుగీసు అప్పటికి తీరమంతటా బేరసారాల ఉమ్మడి భాషగా చెలామణి అయ్యేది. ఇది అచ్చువేయడానికో, దొరలకు చూపించడానికో రాసింది కాదు. అందుకే ఎవరికీ ఎదురుగా చెప్పలేని మాటలు, ముఖ్యంగా గవర్నరు భార్య గురించి ఆయన మనసులోని మాటలు, ఇందులోకి చేరాయి.

దినచర్య మొదటి ఏళ్లలో ప్రధానంగా కనిపించేవి నాణెమూ బట్టా. గవర్నరు డ్యూమా 1736లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ నుంచి పుదుచ్చేరిలో రూపాయలు ముద్రించుకునే హక్కు సంపాదించడం, దాని వెనుక నడిచిన రాయబారాలూ కానుకలూ, టంకసాలకు వెండి చేరడం పిళ్ళై దగ్గరనుంచి చూసిన వ్యవహారాలే. బట్ట వ్యాపారంలో కంపెనీ వర్తకులకు ముందుగా సొమ్ము ఇచ్చేది. వర్తకులు అందులో కొంత నేతగాళ్లకూ అద్దకంవారికీ బయానాగా పంచేవారు. నేసిన బట్ట గిడ్డంగికి చేరాక కంపెనీ మనుషులు మడతలు విప్పి, నమూనాతో పోల్చి, నాసిరకమన్నది తిప్పిపంపేవారు. ఇరవై తానులను ఒక కోర్జీగా లెక్కించేవారు. ఏ వర్తకుడు ఎన్ని కోర్జీలకు ఒప్పుకున్నాడు, ఎంతకు ధర తెగింది, ఎవరు గడువు తప్పారు అన్న వివరాలు దినచర్యలో మళ్లీ మళ్లీ వస్తాయి. నీలిమందులో ముంచి అద్దిన ముదురు బట్ట పుదుచ్చేరి సరుకుల్లో పేరుమోసింది. గినీ బట్ట అన్న పేరుతో అది పడమటి ఆఫ్రికా తీరానికి వెళ్లి అక్కడి బానిసల వ్యాపారంలో మారకపు సరుకుగా పనిచేసింది. పిళ్ళై స్వయంగా పరంగిపేటలోనూ ఆర్కాటు దగ్గరి లాలాపేటలోనూ వ్యాపారం నడిపినవాడు, ఆనందప్పురవి అన్న సొంత ఓడ ఉన్నవాడు. కాబట్టి ఈ లెక్కల్లో ఆయన పక్షం వర్తకుడి పక్షమే. తిప్పిపంపిన తాను వల్ల నేతగాడి ఇంట్లో ఏమైందన్నది ఆ పుటల్లో అరుదుగా కనిపిస్తుంది.

గోడ వెలుపలి మనుషులు దినచర్యలోకి ఎలా వస్తారో 1743 నాటి ఒక నమోదు తేటగా చూపుతుంది. పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న అరియాంకుప్పంలో ఒక ముఠా పల్లెల్లోని కూలీలను మాటలతో, ఆశలతో, మందు పెట్టి లొంగదీసి అని కూడా జనం చెప్పుకున్న పద్ధతుల్లో, పట్టి తెచ్చి, ఒక ఇంట్లో దాచి, తల గొరిగి, నల్ల గుడ్డ కట్టబెట్టి, కాలికి ఇనుప సంకెల తగిలించి, చీకటి పడ్డాక ఓడలకు ఎక్కించిన సంగతి బయటపడింది. ఓడలు వెళ్లేది ఫ్రెంచివారి చెరకు, కాఫీ తోటలున్న మస్కరీన్ దీవులకు, అంటే నేటి మారిషస్, రీయూనియన్లకు. తల గొరగడం, గుడ్డ మార్చడం వెనుక ఉన్న లెక్క సులభమైనదే: పొరుగు ఊరివాడు దారిలో ఎదురైనా గుర్తుపట్టకూడదు. ఇంత దగ్గరగా ఈ పనిని చూపిన స్థానిక రాత ఆ కాలానికి మరొకటి దొరకడం కష్టం. అయినా అందులో పట్టుబడిన మనుషులు తమ నోట ఒక్క మాటా పలకరు. వారు దినచర్యలోకి వచ్చింది ఒక రచ్చ పట్టణపు పెద్దల చెవిన పడ్డందువల్లే. శతాబ్దం తరువాత యానాం పొరుగునే ఉన్న కోరంగి రేవునుంచి తెలుగు కూలీలు ఒప్పందపు కాగితాల మీద అదే మారిషస్ తోటలకు ఓడలెక్కారు. అది చట్టం పేరిట నడిచిన వేరే వ్యవస్థే అయినా, తోటలకు మనుషులు కావలసినప్పుడు తూర్పు తీరపు పల్లెలవైపు చూసే అలవాటు అంతకుముందే పాతుకుపోయిందని ఈ నమోదు గుర్తుచేస్తుంది.

మార్పు గొప్ప యుద్ధాల్లో కన్నా ఒక గుడి గోడలోనో, చర్చి గోడలోనో ముందుగా పగులు చూపుతుంది. 1745 అక్టోబరులో పట్టణంలోని సెయింట్ పాల్ చర్చి లోపల జరిగిన తగవును పిళ్ళై రాసిపెట్టాడు. స్థానికులు సాంబ కోవిల్ అని పిలిచిన ఈ చర్చిలో పరయర్ క్రైస్తవులు ఒక పక్క, అగ్రకులాలనుంచి వచ్చిన క్రైస్తవులు మరో పక్క కూర్చునేలా నడుమ ఒక గోడ ఉండేది. మతం ఒకటైనప్పుడు ఈ గోడ ఎందుకని పరయర్ క్రైస్తవులు నిలదీయగా, పాదిరి దాన్ని తీయించి అందరినీ కలిసి కూర్చోమన్నాడు; కొన్నాళ్లకే ఒక ధనిక క్రైస్తవ కుటుంబపు స్త్రీ సుగంధాలతో, నగలతో చర్చికి వచ్చినప్పుడు పాదిరి ఆమెను అందరిలో మందలించడంతో అగ్రకులాలవారు భగ్గుమన్నారు, వ్యవహారం గవర్నరు దాకా పాకింది. పిళ్ళై వైష్ణవాచారపరుడు, ఈ తగవులో ఆయనది బయటివాడి చూపు, పైగా ఆ స్త్రీ బంధువులు అప్పటి ప్రధాన దుబాసీ కనకరాయ ముదలి కుటుంబం కావడంతో కాస్త ఆసక్తి ఎక్కువ కూడా. ఏ ఉద్దేశంతో రాసినా, గోడ తీయమని అడిగినవారు ఎవరన్న సంగతి ఆయన మరుగుపరచలేదు. దక్షిణ భారతంలో అణగారిన కులాలవారు ఉమ్మడి ప్రార్థనాస్థలంలో సమస్థానం అడిగిన తొలినాటి లిఖిత సాక్ష్యాల్లో ఇది ఒకటిగా నిలవడానికి ఆ ఒక్క వివరమే ఆధారం.

అదే చర్చికి ఆనుకుని ఉన్న వేదపురీశ్వరుడి ఆలయాన్ని 1748 సెప్టెంబరులో, ఇంగ్లీషు నౌకాధిపతి బోస్కావెన్ పట్టణాన్ని ముట్టడించి ఉన్న రోజుల్లో, ఫ్రెంచివారు కూల్చారు. అంతకు రెండేళ్ల ముందే ఆలయంలోకి మలినం విసిరిన ఘటన జరిగి, పట్టణ మహానాట్టార్లు, అంటే కులాల పెద్దలు, గవర్నరుకు మొరపెట్టుకుని ఉన్నారు. 1747లో ప్రధాన దుబాసీ అయిన పిళ్ళై ఈసారి పదవిలో ఉండి కూడా ఆపలేకపోయాడు. విగ్రహాలనూ వాహనాలనూ కాళహస్తీశ్వరుడి గుడికి తరలించుకోమని సలహా చెప్పడం, పెద్దలు తమలో తామే తర్జనభర్జన పడడం, ఇంతలోనే పలుగులు పడడం ఆయన గడియల వారీగా రాశాడు. కారైకాల్ పాదిరి కేర్దూ తానే సుత్తి పట్టుకొచ్చాడని ఆ నమోదు చెబుతుంది. ఈ కేర్దూయే తెలుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి నిఘంటువు కూర్చినవాడు, సంస్కృతానికీ లాటిన్‌కూ ఉన్న చుట్టరికాన్ని యూరపు పండితులకు ముందుగా రాసిపంపిన వాళ్లలో ఒకడు. తెలుగు చదువుకు అంత మేలు చేసిన చేయి అంత హానీ చేసిందన్న నిజాన్ని పక్కపక్కనే పెట్టి చూడక తప్పదు. పిళ్ళై నేరమంతా గవర్నరు డూప్లే భార్య మదాం డూప్లే మీద మోపుతాడు. పుదుచ్చేరిలోనే పుట్టి, తమిళం ధారాళంగా మాట్లాడే ఆమె తనకంటూ వేగులనూ బంట్లనూ పెట్టుకుని దుబాసీ అధికారానికి పోటీగా నిలిచింది కాబట్టి, ఈ తీర్పులో కొంత ఆయన సొంత అక్కసు కలిసి ఉండవచ్చు. కానీ అదే సందర్భంలో ఆయన చెప్పే మరో సంగతి ఎవరి అక్కసుకూ అందనిది: మసీదును కూడా కూల్చబోగా, సిపాయిల నాయకుడు అబ్దుల్ రహమాన్ తన వాళ్లు ప్రాణాలకు తెగిస్తారని చెప్పడంతో ఆ ఉత్తరువు వెనక్కి పోయింది. ముట్టడిలో ఉన్న పట్టణానికి తుపాకులు పట్టినవారి మాట ఎంత బరువో, బయానాలు లెక్కపెట్టుకునేవారి మాట ఎంత తేలికో ఆ ఒక్క రోజు తేల్చింది.

తరువాతి మూడేళ్లు పిళ్ళై జీవితానికి ఉచ్చదశ. 1749 ఆగస్టులో ఆంబూరు యుద్ధం, 1750 డిసెంబరులో కడప, కర్నూలు నవాబుల కుట్రలో నాసిర్ జంగ్ హత్య, ఫ్రెంచివారి అండ ఉన్న ముజఫర్ జంగ్ పుదుచ్చేరికి వచ్చి దక్కన్ సుబేదారుగా కొలువుతీరడం, డూప్లేకు కృష్ణనుంచి కన్యాకుమారి దాకా అధికారమని చాటడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. పిళ్ళైకి మూడువేల గుర్రాల మన్సబూ, అంటే మొగలు కొలువులో అంతటి హోదాను సూచించే పదవి, చెంగల్పట్టు జాగీరూ దక్కాయి. పల్లకిలో గవర్నరు భవనపు ఆవరణ దాకా వెళ్లే గౌరవం, బంగారు పొన్ను వేసిన బెత్తం పట్టే హక్కు ఆయనకు ఉండేవి. కవులు చేరారు: శ్రీనివాసకవి 1752లో సంస్కృతంలో ఆనందరంగవిజయ చంపువు రాయగా, కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందము అన్న లక్షణగ్రంథాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఛందశ్శాస్త్రం చదివిన తెలుగు విద్యార్థులకు ఈ గ్రంథం పేరు పరిచయమే; ఆ ఆనందరంగడు పుదుచ్చేరి రేవులో బట్టలకు బేరం తెగ్గొట్టిన దుబాసీ అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఇప్పటికీ ఆయన పేరిట ఉన్న వీధిలో నిలిచిన ఇంటి కింది అంతస్తు చెక్కిన కొయ్య స్తంభాలతో తమిళ పద్ధతిలోనూ, పై అంతస్తు యూరపు వరుసలో కట్టిన స్తంభాలతోనూ ఉండడం ఆ కాలపు సంపన్నుడు రెండు లోకాల్లో ఎలా కాపురం చేశాడో చూపుతుంది.

1754లో డూప్లేను వెనక్కి పిలిపించాక పిళ్ళై పలుకుబడి సన్నగిల్లి, 1756లో పదవి పోయింది. 1758 ఏప్రిల్లో దిగిన కౌంట్ లాలీతో పుదుచ్చేరి కథలోకి దూరదేశపు మరో చరిత్ర ప్రవేశించింది. లాలీ ఫ్రాన్సులో పుట్టిన ఐరిష్‌వాడు. 1691 నాటి లిమెరిక్ ఒడంబడిక తరువాత మాతృదేశంలో చోటులేక ఫ్రెంచి రాజు కొలువులో చేరిన కాథలిక్ ఐరిష్ సైనికుల సంతతి. ఆ సైనికులతోనే కూర్చిన సొంత పటాలాన్ని ఆయన వెంట తెచ్చాడు. ఎదుటి పక్షంలో ఇంగ్లీషు సేనను నడిపిన ఐర్ కూట్ కూడా లిమెరిక్ ప్రాంతపు ఐరిష్‌వాడే, కానీ ప్రొటెస్టెంటు పాదిరి కొడుకు. మత చట్టాలు చీల్చిన ఒక దీవి రెండు ముక్కలై వచ్చి తమిళ నేల మీద తలపడిందన్నమాట. ఐర్లండులో కాథలిక్కులు అనుభవించిన అవమానాలు లాలీకి ఇక్కడివారి మనసు తెలుసుకునే ఓపికను ఇవ్వలేదు. కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోట ముట్టడికి బరువులు మోసే ఎద్దులు చాలకపోతే, కులభేదం చూడకుండా పట్టణవాసులను పట్టి మోతకు పెట్టించాడు. సొమ్ము కోసం వర్తకుల మీద బలవంతపు వసూళ్లు సాగించాడు. హైదరాబాదునుంచి ఫ్రెంచి సేనాని బుస్సీని ఆయన వెనక్కి పిలవడంతో తెలుగు సర్కారులు దిక్కులేనివైనాయి. విజయనగరం రాజు ఆనంద గజపతి పిలుపు మీద బెంగాలునుంచి వచ్చిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచి, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. తీరాంధ్ర ఎవరి పాలనలోకి పోవాలన్నది ఈ విధంగా పుదుచ్చేరిలో తీసుకున్న ఒక నిర్ణయంతో సగం తేలిపోయింది.

వందవాసి యుద్ధంలో ఫ్రెంచివారు కూట్ చేతిలో ఓడిన తరువాత, 1760 సెప్టెంబరులో కూట్ సేనలు పట్టణానికి దూరంగా వలయంలా పెంచిన ముళ్లకంచెను, అంటే ఊరి పొలిమేరకు రక్షణగా దట్టంగా పెంచిన చెట్ల వరుసను, స్వాధీనం చేసుకున్నాయి. ఒళుకరై, విల్లియనూరు, అరియాంకుప్పం వైపులనుంచి వచ్చే ధాన్యపు దారులన్నీ మూసుకుపోయాయి. నవంబరు చివర లాలీ తిండి మిగుల్చుకోవడం కోసం సుమారు 1,400 మంది భారతీయ నివాసులను ద్వారాల బయటికి తోలించాడు. ఇంగ్లీషువారు మొదట వారిని వెళ్లనీయలేదు, లోపలివారు తిరిగి రానీయలేదు. రెండు సేనల నడుమ, కోటకూ కంచెకూ మధ్యనున్న పొలాల్లో, వేళ్లూ ఆకులూ తవ్వుకు తింటూ వారు రోజుల తరబడి గడిపాక గాని కూట్ దారి విడవలేదు. పుదుచ్చేరి చరిత్ర మొత్తంలో గోడ లోపలికీ వెలుపలికీ ఉన్న తేడా ఇంత క్రూరంగా మరెప్పుడూ తేలలేదు. పిళ్ళై అప్పటికి జబ్బుతో మంచానపడి ఉన్నాడు. 1761 జనవరిలో, పట్టణం లొంగిపోయిన 16వ తేదీకి కొద్ది రోజుల ముందే ఆయన కన్నుమూశాడు. విజేతలు కోటనూ తెల్లవారి పట్టణాన్నీ నేలమట్టం చేశారు. లాలీని పారిసులో ద్రోహం నేరం మోపి 1766లో శిరచ్ఛేదం చేయగా, ఆ తీర్పు అన్యాయమని వాదించినవారిలో వోల్టేర్ ఒకడు. బయటికి తోలిన ఆ 1,400 మంది తరఫున మాత్రం ఏ దేశంలోనూ వాదన జరగలేదు.

దినచర్య రాసే అలవాటు ఆ ఇంట్లో అంతటితో ఆగలేదు. తమ్ముడి కొడుకు రంగప్ప తిరువేంగడం పిళ్ళై 1761నుంచి కొన్నేళ్లపాటు రాతను కొనసాగించాడు. శతాబ్దం చివర అదే కుటుంబంనుంచి మరొకరు రాశారు. ఆనంద రంగ పిళ్ళై పుస్తకాలు 1846లో గల్వా-మోంబ్రన్ అన్న పుదుచ్చేరి అధికారి కంటపడ్డాయి, నకలు తీయించబట్టే మిగిలాయి. ఎదువార్ ఆరియెల్ సంపాదించిన నకలు పారిసు జాతీయ గ్రంథాలయానికి చేరింది. మద్రాసు ప్రభుత్వం 1904నుంచి 1928 దాకా పన్నెండు సంపుటాల ఇంగ్లీషు అనువాదం వెలువరించింది. మొదటి మూడింటికి ప్రైస్, రంగాచారి, తరువాతి వాటికి డాడ్‌వెల్ సంపాదకులు. ఆ సంపాదకులకు అక్కరకొచ్చింది ప్రధానంగా డూప్లే, యుద్ధాలు, నవాబుల వ్యవహారం. సంపుటాల ముందుమాటలు కూడా వాటిచుట్టూనే తిరుగుతాయి. బట్టల బేరాలూ, కులపెద్దల తగవులూ, చర్చి గోడలూ విస్తరణ దోషంగా తోచిన రోజులవి.

పిళ్ళై వారసుల రాతకన్నా భిన్నమైనది రెండో వీర నాయకర్ దినచర్య. 1778నుంచి 1792 దాకా సాగిన ఈ రాతకు కర్త పట్టణపు రక్షణ విధుల్లో ఉన్న ఉద్యోగి, దుబాసీ కాదు. గవర్నరు గదిలో వినబడినదాని కన్నా ద్వారాల దగ్గరా వీధుల్లోనూ జరిగిన గొడవలు ఆయన పనికి దగ్గర. 1778లో మన్రో ముట్టడి, మళ్లీ ఇంగ్లీషు ఆక్రమణ, 1785లో ఫ్రెంచివారి తిరిగిరాక, 1790లో ఫ్రెంచి విప్లవపు గాలి పుదుచ్చేరి తీరానికి తాకడం ఆయన ఉద్యోగ జీవితంలోనే జరిగాయి. తమిళంలో ఇది 1992లో, ఒర్సే గోబాలకిచ్చెనానె సంపాదకత్వంలో అచ్చయింది. స్వేచ్ఛా సమానత్వాల పేరిట 1790లో తెల్లవారు తమకోసం సభ ఏర్పరచుకుని స్థానికులకు అందులో చోటివ్వనప్పుడు, పట్టణపు తమిళ నివాసులు తమ కష్టాలనూ కోరికలనూ కాగితం మీద పెట్టి ఆ సభకే సమర్పించారు. ఆ కాగితం కింద చేరిన సంతకాల్లో పెద్ద కులాలవారివే ఎక్కువైనా, ఒక దుబాసీ చెవిలో చెబితే తప్ప గవర్నరుకు చేరని మాటను నివాసులు నేరుగా రాసి పంపడం పుదుచ్చేరికి కొత్త.